బీపీకి మంచిదని పొటాషియం ఉప్పు, టెంకాయ నీళ్ళు మొదలుపెట్టినాం, రిపోర్టులో 5.4 వచ్చింది. ఏం మానాల?

పెన్నఒడ్డు_కడప
మా నాయనకు 62 ఏండ్లు. షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. బీపీకి టెల్మిసార్టన్ 40 వాడతాడు. పొటాషియం తింటే బీపీ దిగుతుందని వాకింగులో ఎవరో చెప్తే మామూలు ఉప్పు మాన్పించి సోడియం తక్కువ, పొటాషియం కలిపిన ఉప్పు తెచ్చినాం. పొద్దున టెంకాయ నీళ్ళు, రాత్రి అరటిపండు. ఇప్పుడు రక్తపరీక్షలో పొటాషియం 5.4, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.6 వచ్చింది. డాక్టరును కలిసేది సోమవారం. పొటాషియం గుండెకు బలం అని ఒకరు, గుండె ఆగిపోతుందని ఇంకొకరు. రెండూ ఎట్లా నిజమైతాయి? సోమవారం దాకా ఇంట్లో ఏం వండాల, ఏం మానాల?

ఎర్రగడ్డ_కర్నూలు
1.6 అంటే కిడ్నీ దెబ్బతిన్నట్టే. అరటిపండు, టెంకాయ నీళ్ళు, టమాట, ఆకుకూర, పప్పు, సంగటి అన్నీ ఆపేయాల. తెల్లన్నం, బీరకాయ, సొరకాయ చాలు.

పోషణ_నంద్యాల
అన్నీ ఆపేయమనే మాట నేను ఒప్పుకోను. ముందు ఆపాల్సింది ఆ ఉప్పు. ఈ పూటే ఆపండి.

లెక్క చూడండి. ప్యాకెట్ వెనక పొటాషియం క్లోరైడ్ ఎంత శాతమో రాసి ఉంటుంది. 25 శాతం అనుకుందాం. రోజుకు 5 గ్రాముల ఉప్పు తింటే అందులో 1.25 గ్రాములు పొటాషియం క్లోరైడ్. దాని బరువులో 52 శాతం పొటాషియం, అంటే 650 మి.గ్రా. ఊరగాయ, చారు, కారం మీద బతికే ఇంట్లో ఉప్పు 5 గ్రాముల దగ్గర ఆగదు. 10 గ్రాములు పడితే పొటాషియం 1,300 మి.గ్రా. అవుతుంది. ప్రతి ముద్దలోనూ ఉంటుంది, కంటికి కనపడదు. ఆకులోనో గింజలోనో పీచు మధ్య ఇరుక్కున్న పొటాషియం కాదు ఇది. నీళ్ళలో కరిగిన లవణం, దాదాపు అంతా ఒంటికి పడుతుంది.

రెండోది టెంకాయ నీళ్ళు. 100 మి.లీ.లో 200 నుంచి 250 మి.గ్రా. ఉంటుంది. ఒక కాయలో 300 మి.లీ. నీళ్ళుంటే 600 నుంచి 750. అదీ పరగడుపున, ఒక్క గుక్కలో. అరటిపండు మూడో స్థానంలో ఉంది. పెద్ద జీ-9 రకం పండు ఒకటి 400 మి.గ్రా. పైన, చిన్న ఏలక్కి అయితే అందులో సగం.

ఇక రెండు మాటలూ ఎట్లా నిజమో చెప్తా. ఒంట్లో పొటాషియంలో 98 శాతం కణాల లోపలే ఉంటుంది. బయట రక్తంలో లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ మాత్రమే (మీ రిపోర్టులో 5.4 కూడా ఈ కొలతే). ప్లాస్మా మొత్తం కలిపినా అర గ్రాము చుట్టూ. అంటే ఒక టెంకాయ నీళ్ళలో అంతకంటే ఎక్కువే ఉంది. లోపలికీ బయటికీ ఉన్న ఈ తేడా మీదే గుండె కండరంలో కరెంటు నడుస్తుంది. బయట పెరిగితే ఆ కరెంటు తప్పుతుంది. తిన్న వెంటనే ఇన్సులిన్ పొటాషియాన్ని కణాల్లోకి తోస్తుంది, తర్వాత కొన్ని గంటల్లో కిడ్నీ మూత్రంలోకి వదిలేస్తుంది. ఈ రెండూ బాగా పనిచేసే మనిషికి పొటాషియం మేలే. పొటాషియం ఎక్కువ అందితే కిడ్నీ సోడియాన్ని కూడా ఎక్కువగా బయటికి పంపుతుంది, రక్తనాళాలు సడలుతాయి, బీపీ దిగుతుంది. షుగరు వల్ల ఇన్సులిన్ పని మందగించి, కిడ్నీ కూడా నెమ్మదించిన మనిషిలో అదే టెంకాయ నీళ్ళు రక్తంలో నిలబడిపోతాయి.

62 ఏండ్ల మగమనిషికి క్రియాటినిన్ 1.6 అంటే ఇజీఎఫ్ఆర్ (కిడ్నీ ఎంత వడకడుతుందో చెప్పే లెక్క) 48 దగ్గర. మూడు నెలల తర్వాత చూసినా అట్లే ఉంటే దాన్ని కిడ్నీ జబ్బు 3ఏ దశ అంటారు. కిడ్నీ పోయిందని కాదు. జాగ్రత్త మొదలుపెట్టాల్సిన చోటు.

పెన్నఒడ్డు_కడప
ఉప్పు డబ్బా ఇప్పుడే తీసేసినాం. టెల్మిసార్టన్ వల్ల కూడా పొటాషియం పెరుగుతుందని చదివినా. సోమవారం దాకా దాన్నీ ఆపాలనా?

మందులకొట్టు_ప్రొద్దుటూరు
సొంతంగా ఆపొద్దు. షుగరు ఉన్నవాళ్ళ కిడ్నీని కాపాడే మందుల్లో అదొకటి. 5.4కి సాధారణంగా తిండి, ఉప్పు, మిగతా మందులు సవరించి మళ్ళీ పరీక్ష చేస్తారు. డోసు తగ్గించాలా, పొటాషియాన్ని బయటికి పంపే నీరు మాత్ర (మూత్రం ఎక్కువ పోయించేది) కలపాలా అనేది డాక్టరు చూస్తాడు.

మీరు చూడాల్సింది మాత్రల డబ్బాలో ఇంకేమున్నాయో. పొటాషియం పెంచేవి ఇవి: మోకాలి నొప్పులకు వేసుకునే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్. గుండెకు, కాళ్ళ వాపుకు ఇచ్చే స్పైరనోలాక్టోన్. బీపీకి ఇచ్చే ఎనాలప్రిల్, రామిప్రిల్, లోసార్టన్. మూత్రంలో మంటకు ఇచ్చే కోట్రైమాక్సజోల్. చివరిది చాలామందికి తెలీదు. అందులోని ట్రైమెథోప్రిమ్ కిడ్నీలో పొటాషియం బయటికి పోయే దారిని మూస్తుంది. టెల్మిసార్టన్ వాడే పెద్దాయనకు ఇది కలిస్తే నాలుగైదు రోజుల్లోనే పొటాషియం బాగా ఎగబాకొచ్చు. మూత్రం మంట అని కొట్టుకు వచ్చి అడిగితే, బీపీ మాత్ర పేరు చెప్పకుండా తీసుకోవద్దు.

కిడ్నీలో రాళ్ళకు వాడే సిరప్ ఏమన్నా తాగుతున్నాడా?

పెన్నఒడ్డు_కడప
మోకాలికి ఎసిక్లోఫెనాక్ అప్పుడప్పుడు వేసుకుంటాడు. సిరప్ లేదు.

మందులకొట్టు_ప్రొద్దుటూరు
అది ఆపి పారాసెటమాల్ వేయండి. ఎసిక్లోఫెనాక్ క్రియాటినిన్‌నూ పెంచుతుంది, పొటాషియాన్నీ పెంచుతుంది. ఆపినాక 1.6 కూడా కొంచెం దిగొచ్చు. సోమవారం డాక్టరుకు ఈ మాత్ర సంగతి తప్పకుండా చెప్పండి.

ల్యాబు_అనంతపురం
5.4 నిజమైన 5.4 అవునో కాదో ముందు తేల్చుకోవాల. రక్తం తీసేటప్పుడు పట్టీ గట్టిగా కట్టి, గుప్పెట మూసి తెరవమని పదిసార్లు అడిగితే పొటాషియం ఉత్తపుణ్యానికి పెరుగుతుంది. సన్న సూదితో గట్టిగా లాగితే ఎర్రకణాలు పగిలి లోపలి పొటాషియం బయటికొస్తుంది. కాగితంలో 'హీమోలైజ్డ్' అని రాసి ఉందేమో చూడండి. ఉంటే ఆ అంకెను లెక్కలోకి తీసుకోవద్దు.

మన దగ్గర ఇంకో తిప్పలు. మండలంలో కలెక్షన్ సెంటర్ ఉంటుంది, పరీక్ష చేసేది సిటీలో. రక్తం గడ్డకట్టినాక గంటా గంటన్నర లోపల సెంట్రిఫ్యూజు అనే యంత్రంలో తిప్పి, కణాల నుంచి సీరం అనే ద్రవాన్ని వేరు చేయాల. వేరు చేయకుండా ఐసు పెట్టెలో పెట్టి బస్సులో పంపిస్తే, చల్లదనానికి కణాల పంపు మందగించి పొటాషియం బయటికి కారుతుంది. అట్లా వచ్చిన 5.8 మళ్ళీ తీస్తే 4.6 వస్తుంది. మళ్ళీ చేయించేటప్పుడు పరీక్ష అక్కడికక్కడే చేసే ల్యాబుకు పోండి. పట్టీ కట్టినా రక్తం తీసేముందు వదలమని అడగండి, గుప్పెట ఆడించొద్దు. పొటాషియం ఒక్కటే కాదు, సోడియం, బైకార్బొనేట్, క్రియాటినిన్ కలిపి చేయించండి.

పోషణ_నంద్యాల
ల్యాబు అన్న చెప్పింది సరే. కానీ ఈ కేసులో షుగరు, 1.6 క్రియాటినిన్, టెల్మిసార్టన్, పొటాషియం ఉప్పు అన్నీ ఒకే దిక్కు చూపిస్తున్నాయి. ల్యాబు తప్పేమోనని కూర్చోకుండా ఉప్పు, టెంకాయ నీళ్ళు ఆపి, అప్పుడు మళ్ళీ చేయించాల.

ల్యాబు_అనంతపురం
ఒప్పుకుంటా. రెండూ చేయాల.

గుత్తి_మెట్ట
పోషణ అక్కా, పొటాషియం ఉప్పును మరీ విషం లాగా చెప్పినారు. చైనాలో 600 పల్లెల్లో దాదాపు 21 వేల మంది మీద ఐదేండ్లు చూసినారు కదా. 25 శాతం పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు వాడిన పల్లెల్లో పక్షవాతం 14 శాతం తగ్గింది. 2021లో ఫలితాలు వచ్చినాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2025 జనవరిలో ఇట్లాంటి ఉప్పు వాడమనే చెప్పింది.

పోషణ_నంద్యాల
విషం అనలేదు. మంచి ఉప్పే, కిడ్నీ బాగున్నవాళ్ళకు. మీరు చెప్పిన అధ్యయనంలో తీవ్రమైన కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళను, పొటాషియం నిలిపే నీరు మాత్రలు వాడేవాళ్ళను మొదట్లోనే చేర్చుకోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన కూడా మామూలు పెద్దవాళ్ళకే. గర్భిణులు, పిల్లలు, కిడ్నీ పని తగ్గినవాళ్ళు అందులో లేరు. మన జిల్లాల్లో షుగరు ఉండి క్రియాటినిన్ ఎన్నడూ చూపించుకోనివాళ్ళు ఎంతమందో. అంగట్లో ఆ ప్యాకెట్ తీసుకునేముందు ఒక్కసారి క్రియాటినిన్ చేయించండి అంటున్నా, అంతే.

మెట్టుగడ్డ_ఆదోని
సైంధవ లవణం వాడొచ్చు కదా? అందులో సోడియం ఉండదంటారు.

పోషణ_నంద్యాల
అది తప్పు. సైంధవ లవణంలో నూటికి 95 పైన సోడియం క్లోరైడే. పొటాషియం నామమాత్రం. దాంతో పొటాషియం పెరగదు, బీపీ కూడా తగ్గదు. పెన్నఒడ్డు నాయనకు మామూలు అయోడిన్ ఉప్పే మంచిది, మోతాదు తగ్గించి. రోజుకు ఒక చిన్న టీస్పూను, 5 గ్రాములు, అన్నింటికీ కలిపి.

సంగటి_పులివెందుల
అందరూ మాట్లాడినారు, మరి సంగటి సంగతేంది? రాగుల్లో పొటాషియం ఎక్కువని ఎర్రగడ్డ గారు ఆపేయమన్నారు. సంగటి లేకుండా మా నాయన తరం మనిషిని కూర్చోబెట్టడం కష్టం.

ఎర్రగడ్డ_కర్నూలు
100 గ్రాముల రాగుల్లో 440 మి.గ్రా. దాకా, పాలిష్ బియ్యంలో 110 లోపు. నాలుగింతలు. పైగా సంగటిలో గంజి వార్చేది లేదు, ఉన్నదంతా ముద్దలోనే. అందుకే చెప్పినా.

పోషణ_నంద్యాల
అంకెలు సరిగ్గానే చెప్పినారు. అయితే ఒక ముద్దకు పడే రాగిపిండి 50-60 గ్రాములు, మిగతాది బియ్యం. ముద్ద మొత్తానికి 300 మి.గ్రా. అనుకోండి. 5.4 ఉన్న మనిషికి రోజుకు ఒక ముద్ద ఇబ్బంది కాదు. ముద్ద పక్కన ఏం పెడుతున్నారో చూడాల. పప్పుకట్టు, ఉలవచారు, టమాట ఊరిమిండి అయితే కథ మారుతుంది. సంగటి వల్ల మలబద్ధకం రాకుండా ఉంటుంది, అది కూడా అవసరం. కిడ్నీ నెమ్మదించినప్పుడు పెద్దపేగు కూడా కొంత పొటాషియాన్ని బయటికి పంపుతుంది. మలం కదలకపోతే ఆ దారి కూడా మూసుకుంటుంది.

డయాలసిస్_సిస్టర్
ఉలవచారు మాట వచ్చింది కాబట్టి గట్టిగా చెప్తున్నా. ఉలవల్లో 100 గ్రాములకు 1,000 మి.గ్రా. పైన పొటాషియం ఉంటుంది. ఉడికిస్తే అది నీళ్ళలోకి దిగుతుంది. ఆ నీళ్ళను గంటలకొద్దీ మరిగించి చిక్కబెడితే వచ్చేదే ఉలవచారు. నీళ్ళు ఆవిరైతాయి, పొటాషియం పోదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు దాన్ని ముట్టుకోవద్దు. అవే ఉలవలు బాగా నీళ్ళు పోసి ఉడికించి, నీళ్ళు పారబోసి, గుగ్గిళ్ళు తాలింపు వేసుకుంటే ఒక గుప్పెడు తినొచ్చు. బ్యాళ్ళ కట్టు కూడా ఇదే లెక్క. పేషెంటుకు తేలిగ్గా ఉంటుందని ముద్దపప్పు మనం తిని కట్టు వాళ్ళకు పోస్తారు. తిరగేయాల. కట్టు మీరు తాగండి, ఉడికిన బ్యాళ్ళు వాళ్ళకు పెట్టండి.

పెన్నఒడ్డు_కడప
సిస్టర్, కందిబ్యాళ్ళు ఎట్లా ఉడకబెట్టాలో వరసగా చెప్తారా?

డయాలసిస్_సిస్టర్
50 గ్రాముల బ్యాళ్ళు కడిగి, అర లీటరు గోరువెచ్చని నీళ్ళలో రెండు మూడు గంటలు నానబెట్టండి. ఆ నీళ్ళు పారబోయండి. కొత్తగా అర లీటరు పోసి, కుక్కర్లో కాకుండా మూత తీసిన గిన్నెలో ఉడికించండి. కుక్కర్లో కొలత నీళ్ళు పోస్తాం, అవన్నీ పప్పులోనే ఇంకుతాయి, పొటాషియం ఎక్కడికీ పోదు. బ్యాళ్ళు మెత్తబడినాక నీళ్ళు వార్చి, ఎనిపి, వేడినీళ్ళు కొంచెం కలిపి తాలింపు వేయండి. పులుపుకు నాలుగు టమాటలు వేస్తే మళ్ళీ మొదటికే వస్తుంది. రెండు టమాటలు 200 గ్రాములైతే 450 మి.గ్రా. పైన. చింతపండు గుజ్జు 10 గ్రాములైతే 60 మి.గ్రా. చుట్టూ, నిమ్మకాయ రసం అంతకంటే తక్కువ. చింతపండులో పొటాషియం ఎక్కువని భయపడి టమాట వేసేవాళ్ళున్నారు. పడే మోతాదు చూడకపోతే అట్లే అవుతుంది.

ఉర్లగడ్డ రాత్రంతా నీళ్ళలో నానబెడితే పొటాషియం పోతుందని అందరూ చెప్తారు. ఉత్త నానబెట్టడం వల్ల పోయేది కొంచమే. ముక్కలు కోసి నిండా నీళ్ళలో ఉడికించి వార్చితే సగం పోతుంది. తురిమి ఉడికిస్తే నాలుగింట మూడొంతులు పోతుంది. తొక్కతో పూర్తిగా ఉడకబెట్టినదానిలో, నూనెలో వేయించినదానిలో ఏమీ పోదు. తోటకూర, పాలకూర కూడా అంతే. మరిగే నీళ్ళలో వేసి అయిదు నిమిషాలు ఉంచి, పిండి, ఆ నీళ్ళు వదిలేయాల.

సంగటి_పులివెందుల
అట్లా వార్చి పిండితే ఆకుకూరలో ఇంక ఏం మిగులుతుంది సిస్టర్? విటమిన్లన్నీ నీళ్ళపాలే.

డయాలసిస్_సిస్టర్
సి విటమిన్, ఫోలేట్ కొంత పోతాయి, నిజమే. అందుకే ఇది పొటాషియం ఎక్కువ ఉన్న మనుషులకు, డయాలసిస్ వాళ్ళకు. 5.4 నుంచి ఉప్పు మార్చగానే 4.8కి దిగితే ఈ తిప్పలేవీ అక్కర్లేదు. ఇంట్లో మిగతా అందరికీ ఇట్లే వండితే వాళ్ళకు నష్టం. పేషెంటు గిన్నె వేరే పెట్టుకోండి.

ఇంకొకటి, డయాలసిస్ వాళ్ళ ఇళ్ళల్లో వాళ్ళు చదువుతుంటే: వారంలో రెండు రోజులు వరసగా డయాలసిస్ లేని చోటే ప్రమాదం. శనివారం చేయించుకున్నాక మళ్ళీ మంగళవారం అయితే ఆదివారం, సోమవారం పొటాషియం పోగవుతూ పోతుంది. పండగలు, పెళ్ళిళ్ళు ఆ రోజుల్లో పడితే ఇంకా జాగ్రత్త. మామిడిపండ్లు, టెంకాయ నీళ్ళు, పండ్ల రసాలు ఆ రెండు రోజులు అసలే వద్దు. కాళ్ళు బరువుగా లాగడం, నడుస్తుంటే మోకాళ్ళు సడలిపోవడం, గుండె లయ తప్పడం ఉంటే మరుసటి డయాలసిస్ దాకా ఆగకుండా ఆసుపత్రికి పోయి ఈసీజీ తీయించాల. చాలామందికి ఏ లక్షణమూ కనపడకుండానే 6.5 దాటుతుంది. అందుకే నెలనెలా పరీక్ష.

చీనీతోట_అనంత
మాకు ఇక్కడ ఎండ 42 దాటుతుంది. చెమటలో పొటాషియం పోతుందని కూలీలకు టెంకాయ నీళ్ళు, చీనీ రసం ఇస్తాం. అదీ తప్పేనా?

గుత్తి_మెట్ట
తప్పు కాదు, సరిపోదు. చెమట లీటరులో సోడియం 20 నుంచి 80 మిల్లీమోల్స్ దాకా పోతుంది. పొటాషియం 4 నుంచి 8. అంటే పోయేది ముఖ్యంగా ఉప్పే. టెంకాయ నీళ్ళలో తిరగబడి ఉంది, పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. ఎండలో పార పట్టే మనిషికి ఉప్పేసిన మజ్జిగ మేలు, లేకపోతే ఓఆర్ఎస్.

చీనీతోట_అనంత
ఇంతకాలం పొటాషియమే ఎక్కువ పోతుందనుకుంటున్నారు మా పక్కన అందరూ. మజ్జిగే అయితే మాకు ఖర్చు కూడా తగ్గుతుంది.

మందులకొట్టు_ప్రొద్దుటూరు
ఓఆర్ఎస్ అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం రాసిన ప్యాకెట్ చూసి తీసుకోండి. లీటరుకు సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9, గ్లూకోజ్ 13.5. సోడియం 75, పొటాషియం 20 మిల్లీమోల్స్. ఒక ప్యాకెట్ ఒక లీటరుకే. సగం గ్లాసులో కలిపి తాగితే చిక్కదనానికి విరేచనాలు ఇంకా పెరుగుతాయి. తియ్యగా రంగురంగుల డబ్బాల్లో వచ్చే పానీయాలు ఓఆర్ఎస్ కావు. వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు పొటాషియం నిజంగానే పడిపోతుంది, అప్పుడు ఇది మందు.

ధర్మవరం_వీధి
తక్కువ అయ్యేవాళ్ళ సంగతి చెప్పండి. మా జేజికి 2.9 ఉందని రాసినారు. కాళ్ళ వాపుకు నీరు మాత్ర వాడుతుంది. అరటిపండ్లు ఎన్ని పెట్టాల?

మందులకొట్టు_ప్రొద్దుటూరు
2.9ని అరటిపండ్లతో సరిచేయలేం. ఫ్రూసెమైడ్, క్లోర్‌తాలిడోన్, హైడ్రోక్లోరోథయజైడ్ మాత్రలు సోడియంతో బాటు పొటాషియాన్నీ పంపేస్తాయి. 2.9కి పొటాషియం క్లోరైడ్ సిరప్ రాస్తారు. 15 మి.లీ.లో 20 మిల్లీమోల్స్, అంటే దాదాపు 780 మి.గ్రా. దాన్ని అర గ్లాసు నీళ్ళలో కలిపి, తిన్నాకనే తాగాల. ఊరికే తాగితే కడుపులో మంట, వాంతి. ఎన్ని రోజులు రాసినారో అన్ని రోజులే, తర్వాత పరీక్ష. బాగుందని నెలలకొద్దీ తాగితే ఎక్కువ వైపుకు పోతుంది. ఎంత ఇచ్చినా పెరగకపోతే మెగ్నీషియం చూడమనండి. మెగ్నీషియం తక్కువ ఉంటే కిడ్నీ పొటాషియాన్ని పట్టి ఉంచలేదు. గుండెకు డిగాక్సిన్ వాడుతుంటే ఈ 2.9 సంగతి ఈ రోజే డాక్టరుకు చెప్పండి. ఆ మందుకు పొటాషియం తక్కువతనం తోడైతే గుండె లయ తప్పుతుంది.

ధర్మవరం_వీధి
డిగాక్సిన్ ఉంది. ఇప్పుడే ఫోన్ చేస్తున్నా.

తాడిపత్రి_అరటి
అరటికి మేం వేసే పొటాష్ ఎరువు, ఈ ఉప్పులో వేసేది ఒకటేనా? మా ఊర్లో ఒకాయన ఒకటే అని వాదిస్తాడు.

ల్యాబు_అనంతపురం
రసాయనం ఒకటే, పొటాషియం క్లోరైడ్. బస్తా మీద 0-0-60 అని ఉంటుంది, 60 అంటే పొటాష్ శాతం. కానీ బస్తాలోది తినేందుకు శుద్ధి చేసింది కాదు. ఎర్ర రంగుదానిలో ఇనుము, మట్టి ఉంటాయి. నోట్లో పెట్టొద్దు, పిల్లలకు అందేచోట పెట్టొద్దు. ఒక గుప్పెడు మింగినా ప్రాణం మీదికొస్తుంది.

చీనీతోట_అనంత
మా దిక్కు కిడ్నీలో రాళ్ళు ఎక్కువ. చీనీ రసం, నిమ్మరసం, అరటిదూట రసం తాగమంటారు. ఇవన్నీ పొటాషియమే కదా, ఎట్లా మరి?

మందులకొట్టు_ప్రొద్దుటూరు
కిడ్నీ పని బాగుంటే మంచిదే. సిట్రేట్ మూత్రంలో కాల్షియాన్ని పట్టుకుని రాయి కట్టకుండా చూస్తుంది. పొటాషియం చేరితే మూత్రంలో కాల్షియం కూడా తగ్గుతుంది. వీటన్నిటికంటే ముందు రెండు, రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేంత నీళ్ళు తాగాల, ఉప్పు తగ్గించాల.

రాళ్ళకు ఇచ్చే సిరప్‌లో పొటాషియం సిట్రేట్ ఉంటుంది. అందుకే పైన అడిగినా. క్రియాటినిన్ పెరిగి, టెల్మిసార్టన్ మీద ఉండి, ఈ సిరప్ సీసాలు సీసాలుగా తాగేవాళ్ళు కొట్టుకు వస్తుంటారు. దూటరసం వడకట్టి తాగితే పీచు పోయి లవణం మిగులుతుంది. నాటువైద్యంలో యవక్షారం కలిపిన పొడులు ఇస్తారు, అదీ పొటాషియం లవణమే. ఏది తాగుతున్నా డాక్టరుకు సీసా చూపించండి.

మెట్టుగడ్డ_ఆదోని
కిడ్నీ బాగున్న మాలాంటోళ్ళకు ఒక్క మాట చెప్పండి. రోజుకు ఎంత కావాల, దేంట్లో వస్తుంది?

పోషణ_నంద్యాల
హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ 2020లో పెద్దవాళ్ళకు రోజుకు 3,500 మి.గ్రా. అని పెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది కూడా అంతే, కనీసం 3,510. పొద్దున ఉగ్గాని, మధ్యాహ్నం తెల్లన్నం పచ్చడి, సాయంత్రం బజ్జి, రాత్రి మళ్ళీ అన్నం రసం తింటే సగం కూడా రాదు. బొరుగుల్లో, తెల్లన్నంలో ఉండేదే తక్కువ.

కర్నూలు తిండిలోనే సర్దుకోవచ్చు. 100 గ్రాముల జొన్నపిండి రొట్టెలు, 330. కందిబ్యాళ్ళు 60 గ్రాములు కట్టుతో సహా, 700 పైన. తోటకూర 100 గ్రాములు, 550 చుట్టూ. వేరే కూరగాయలు పావు కిలో, 500. మజ్జిగ పలచగా కాకుండా పెరుగు 200 గ్రాములు, 300. శనక్కాయలు 30 గ్రాములు, 200. ఒక అరటిపండు, ఒక జామకాయ కలిపి 800. ఇంతకే 3,400 దగ్గరికి వస్తుంది. మాత్రలు, పొడులు, విడిగా పొటాషియం ఉప్పు ఏవీ అక్కర్లేదు. ఆ శనక్కాయలు ఉప్పు వేసి వేయించినవి కాకూడదు. సోడియం దిగకుండా పొటాషియం ఒక్కటే పెంచితే బీపీకి వచ్చే మేలు తగ్గిపోతుంది.

ఎర్రగడ్డ_కర్నూలు
పోషణ గారు చెప్పిన వరసలో పప్పు, తోటకూర, జామ అన్నీ ఉన్నాయి, పెన్నఒడ్డుకు నేను ఆపమన్నవి. కిడ్నీ బాగున్నవాళ్ళకు అని మొదటే విడగొట్టి చెప్పాల మనం. ఈ చర్చ చదివి ఎవరో ఒకరు తలకిందులుగా పట్టుకుంటారు.

పోషణ_నంద్యాల
ఇది న్యాయమైన మాట. పైన నేను రాసిన రోజు భోజనం ఇజీఎఫ్ఆర్ 60 పైన ఉండి, పొటాషియం 5 లోపల ఉన్నవాళ్ళకే. పెన్నఒడ్డు నాయనకు సోమవారం దాకా ఇట్లా: సంగటి ముద్ద ఒకటి లేదా వార్చిన అన్నం, సిస్టర్ చెప్పినట్టు వార్చిన పప్పు ఒక గరిటె, బీర, సొర, కాకర, క్యాబేజీ, వంకాయ కూరలు, పెరుగు ఒక గిన్నె, పండు కావాలంటే ఆపిల్ లేదా బొప్పాయి సగం కప్పు. టెంకాయ నీళ్ళు, ఆ ఉప్పు, రసాలు, ఎండు ఖర్జూరం, ఎండుద్రాక్ష వద్దు.

పెన్నఒడ్డు_కడప
రాసి పెట్టుకున్నా. మళ్ళీ పరీక్ష ఎప్పుడు?

డయాలసిస్_సిస్టర్
ఉప్పు, ఎసిక్లోఫెనాక్ ఆపినాక మూడు నుంచి ఏడు రోజుల్లో ఒకసారి. మీ డాక్టరు సోమవారమే చేయించమనొచ్చు. టెల్మిసార్టన్ డోసు మారిస్తే ఒకటి రెండు వారాల్లో మళ్ళీ. 5.5 దాటితే అదే రోజు డాక్టరుకు ఫోను, 6 దాటితే ఈసీజీ ఉన్న ఆసుపత్రి, ఆలస్యం లేకుండా. ఈసీజీ బాగుందని 6.5ని ఇంటికి తీసుకుపోవద్దు, ఈసీజీ మారకుండానే లయ తప్పే కేసులు ఉంటాయి. పేగులో పొటాషియాన్ని పట్టుకునే పొడి రాసిస్తే మిగతా మాత్రలకు మూడు గంటల ఎడం పెట్టండి, లేకపోతే ఆ మందులను కూడా పట్టుకుంటుంది. ఆ పొడితో మలబద్ధకం వస్తుంది, అది కూడా డాక్టరుకు చెప్పాల.

గుత్తి_మెట్ట
ఇంట్లో తెరిచిన ఆ పొటాషియం ఉప్పు ప్యాకెట్ పారేయాలనా? మిగతావాళ్ళు వాడొచ్చునా? ఆవకాయ కాలం వస్తుంది, దాంట్లో పడేయొచ్చు కదా.

పోషణ_నంద్యాల
ఆవకాయకు వద్దు. ఊరగాయలో ఉప్పు పాలు పెద్దది, అంత మోతాదులో పొటాషియం క్లోరైడ్ చేదు, లోహపు రుచి పైకి తేలుతుంది. పైగా ఏడాదంతా ఇంటిల్లిపాది, వచ్చిన చుట్టాలు తినే జాడీలో కిడ్నీ మనిషికి పనికిరాని ఉప్పు కలిపినట్టు అవుతుంది, ఆరు నెలల తర్వాత ఎవరికీ గుర్తుండదు. కిడ్నీ పరీక్ష బాగున్నవాళ్ళు వాడుకోవాలంటే డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసి, పెద్దాయన కూర వండే పొయ్యి దగ్గర కాకుండా వేరే చోట పెట్టండి. ఒకే వంటింట్లో రెండు తెల్ల ఉప్పులు ఒకే రకం డబ్బాల్లో ఉండకూడదు.